ఆరు వేళ్ళ పాదానికి మలివాదం

హేమకూట రాజ్యానికి రాజధాని వైడూర్యపురం. ఉదయపు ఎండ పడగానే దాని కోటగోడలు పసుపు రాసిన గడపల్లా మెరుస్తాయి. మేడల మీద స్ఫటిక కలశాలు, రాజవీధి పొడవునా పన్నీరు చిమ్మే పాలరాతి హంసలు, అంగళ్ళలో కుప్పలు పోసిన పగడాలు, చిలకల పంజరాలు, కస్తూరి భరిణెలు. ఇంత అందమైన నగరంలో మనుషులు ఎదురుపడితే ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. తల వంచి ముందు కాళ్ళు చూసుకుంటారు. కొత్తగా వచ్చిన పరదేశి అది వినయమనుకుని ముచ్చటపడతాడు. వినయమూ లేదు, పాడూ లేదు. అది వట్టి భయం.

పూర్వం ఒక మాంత్రికుడు యువరాజు రూపం ధరించి అంతఃపురంలో హత్య చేశాడు. రాజు కన్నకొడుకు తలే తీయించాడు. నిజం తెలిసేసరికి చేసేదేమీ మిగల్లేదు. అప్పుడు పండితులు తాళపత్రాలన్నీ తిరగేసి ఒక సంగతి తేల్చారు. మంత్రంతో ముఖం మారుతుంది, గొంతు మారుతుంది, మనిషి పక్షి కూడా కాగలడు. పాదం మాత్రం మారదు. ఆనాటి నుంచి పెళ్ళిచూపుల్లో చూసేది పాదాలు, కోటవాకిట పరీక్షించేది పాదాలు, న్యాయసభలో సాక్ష్యం చెప్పేదీ పాదాల గురించే. ముఖాన్ని నమ్మి ఒక్కడిని చంపారు. పాదాన్ని నమ్మి ఎందరిని చంపారో ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచించడం ఆ రాజ్యంలో ఒకే ఒక్కడి పని. వాడి పేరు మేఘనందుడు. వాడు మలివాది.

తీర్పు చెప్పేదాకా వాదించడానికి సభలో పట్టుశాలువల పండితులు బోలెడుమంది ఉన్నారు. తీర్పు అయిపోయాక కూడా వాదించేవాడు మలివాది. మరణశిక్ష పడ్డవాడు ఆ క్షణమే చచ్చినట్టు లెక్క. బంధువులు తలస్నానం చేసి, కుండ పగలగొట్టి, కర్మ చేసేస్తారు. ఆ తర్వాత వాడి పేరు ఎవరూ పలకరు. అలాంటివాడి తరఫున మాట్లాడేవాడికి చావుమైల ఎప్పటికీ వదలదు గనుక మలివాదితో ఎవరూ కలిసి తినరు. దాహం వేస్తే ఎత్తునుంచి దోసిట్లో నీళ్ళు పోస్తారు. పొరపాటున కూడా ఎవరూ తాకకుండా, పదవి ఇచ్చే రోజునే కుడిపాదం మీద త్రిశూలం గుర్తు వాత పెడతారు. గౌరవమైన పదవేనని శాసనంలో రాసి ఉంది. శాసనం రాసినవాళ్ళెవరూ దాన్ని చేపట్టలేదు.

పున్నమినాడు పొద్దున్నే మేఘనందుడు తన గుర్రం చిత్రాంగి మీద మరణశిక్ష పడ్డవాళ్ళను ఉంచే నిర్నామ దుర్గానికి చేరుకున్నాడు. మావటి మాచనను ఆ సాయంత్రం శంఖం ఊదగానే సర్పకూపంలోకి తోస్తారు. పట్టపురాణి నాగమణి హారం దొంగిలించాడని వాడి మీద నేరం. దొంగ అంతఃపురంలోకి వచ్చింది సేనాపతి ముఖంతో. సేనాపతి ఆ వేళ రాజుగారి పక్కనే ఉన్నాడు గనుక అది మాయరూపమని తేలిపోయింది. భాండాగారం కావలివాడు మాత్రం దొంగ కుడికాలికి ఆరో వేలు చూశానన్నాడు. రాజ్యమంతా గాలిస్తే కుడికాలికి ఆరు వేళ్ళున్నవాడు మాచన ఒక్కడే దొరికాడు. ఏనుగుకు చెరకుగడ పెట్టడం తప్ప మరో విద్య తెలియనివాడికి సేనాపతి ముఖం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

కొలిమిలా ఉడుకుతున్న గదిలో మాచన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"గంధి తింటోందా బాబూ?" అన్నాడు. గంధి వాడి ఏనుగు.

"తింటోంది," అని అబద్ధమాడాడు మేఘనందుడు.

"మా పోలమ్మ వస్తుందా సభకి?"

మేఘనందుడు గదిలో ఉన్న నీళ్ళ ముంత అందించాడు. మలివాది ఎంత వాదించినా, సభలో ఎవరో ఒకరు లేచి చచ్చినవాడి పేరు పైకి పలికి, వాడు నాకు కావాలి అనాలి. అలా అనే మనిషి లేకపోతే వాదమే వినరు. వాదం ఓడిపోతే ఆ అన్న మనిషిని కూడా కూపంలోకి తోస్తారు. అందుకే మేఘనందుడు ఇన్నేళ్ళలో గెలిచిన వాదాలకంటే, నోరు విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చిన రోజులే చాలా ఎక్కువ.

"రాకపోయినా ఏం అనుకోను," అన్నాడు మాచన. "పిల్లలున్నారు కదా."

అక్కడినుంచి మేఘనందుడు ఏనుగుల సాల వెనక ఉన్న మాచన ఇంటికి వెళ్ళాడు. తలుపు తెరవలేదు. లోపల చిన్నపిల్ల ఏడుస్తోంది, ఎవరో జోకొడుతున్నారు.

"అయ్యగారూ, మీరు మా గుమ్మంలో నిలబడితే మాకు పాలుపోసేవాళ్ళు కూడా రారు," అంది పోలమ్మ తలుపు వెనకనుంచి. "కర్మ అయిపోయింది. నన్నొదిలెయ్యండి."

"అతను నేరం చెయ్యలేదమ్మా."

"నాకు తెలీదా?" అంది ఆమె. మేఘనందుడికి ఆమె మీద కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, కాస్త తోడుగా ఉండేది. గుర్రం దగ్గరికి వచ్చి, "పద చిత్రాంగీ, మనిద్దరమే," అన్నాడు. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

దొంగను చూసిన చోటు తన కళ్ళతో చూడకుండా వాదించకూడదన్నది మేఘనందుడి పట్టుదల. భాండాగారం ఉన్నది రాణిగారి అంతఃపురంలో. మలివాదిని వాకిట్లోనే నరుకుతారు. అందుకని వాడు దివిటీలకు చమురు పోసేవాడి వేషం వేశాడు. తలకు జిడ్డుగుడ్డ చుట్టి, భుజాన చమురుకుండ పెట్టి, కాలి మీది వాత కనబడకుండా కాళ్ళు రెండూ మోకాళ్ళదాకా నీలిమందు తొట్లో ముంచుకున్నాడు.

"అవేం కాళ్ళురా?" అన్నాడు వాకిలి కాపు, అలవాటు ప్రకారం కిందికి చూసి.

"అద్దకం సాలలో ఊడిగం చేసొచ్చానండి. మా ఆవిడ కూడా ఇంట్లోకి రానివ్వడం లేదండి."

కాపు పకపకా నవ్వి దారి వదిలాడు. మేఘనందుడు కూడా నవ్వాడు. వాడికి ఆవిడ లేదు.

భాండాగారం దారి ఒక పొడవాటి నడవ. అటూ ఇటూ చందనపు స్తంభాలు, వాటి నిండా చెక్కిన నెమళ్ళు, నెమలి కన్ను కన్నుకీ పొదిగిన ఇంద్రనీలం. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ దివిటీలు వెలుగుతాయి. నడవ చివర గోడకు నిలువెత్తు కంచు అద్దం, దాని పక్కనే భాండాగారం తలుపు. అద్దానికి ఎదురుగా, వచ్చేవాళ్ళకు వీపు పెట్టి, కావలివాడు బిజ్జన్న నిలబడి ఉన్నాడు. రాణి నడిచే దారిని మగవాడు నేరుగా చూడకూడదు గనుక అక్కడి కావలి అంతా అద్దంలోనే. నలభై దాటిన మనిషి, నెరిసిన మీసం, రాయిలా నిలబడ్డాడు. పెళ్ళీ పిల్లలూ లేరు. అబద్ధం అనే వస్తువు ఎరగడు. వాడి సాక్ష్యమే మాచనను చంపింది.

మేఘనందుడు మొదటి దివిటీలో చమురు పోస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. సేనాపతి వస్తున్నాడు. బంగారు కవచం, మెలితిరిగిన మీసం, చేతిలో దూసిన కత్తి. మేఘనందుడు తల వంచి దండం పెట్టాడు. తల వంచాడు గనుకనే పాదాలు చూశాడు. చిటికెన వేలి పక్కన మరో బుల్లి వేలు, గోరుతో సహా.

సేనాపతి కాని ఆ సేనాపతి నేరుగా బిజ్జన్న వీపు మీదికి నడుస్తున్నాడు. మలివాది మళ్ళీ వాదిస్తాడని ఊళ్ళో పుకారు పుట్టింది, ఉన్న ఒక్క సాక్షినీ తుడిచేస్తే ఆ సాక్ష్యాన్ని తిరగదోడడానికి ఎవరూ మిగలరు.

మేఘనందుడు చమురుకుండ ఎత్తి వాడి కాళ్ళ ముందు పగలగొట్టాడు. మాంత్రికుడు జర్రున జారి స్తంభానికి కొట్టుకున్నాడు. లేస్తూనే నడుముకున్న పట్టీ విసిరాడు. అది గాలిలోనే నల్లత్రాచై మేఘనందుడి మెడకు చుట్టుకుంది. మేఘనందుడు ఒక చేత్తో దాని తల నొక్కి, రెండో చేత్తో దివిటీ పెరికి, నేలమీది చమురుకు అంటించాడు. భగ్గుమని మంట లేచింది. మెడనుంచి లాగి మంటలోకి విసరగానే త్రాచు మాడి, మళ్ళీ నడుంపట్టీగా రాలింది. మాంత్రికుడు ఏదో గొణిగాడు. కవచం ఈకలైంది, మీసం వంకర ముక్కు అయింది, నడవంతా నిండే రాబందు ఒకటి రెక్కలు విదిల్చి గవాక్షంలోంచి ఎగిరింది. దాని కింద మనిషి పాదాలు రెండూ వేళ్ళాడుతున్నాయి.

మేఘనందుడు ఆలోచించలేదు. పరిగెత్తి, గవాక్షం మీదినుంచి దూకి, ఆరు వేళ్ళ కాలు పట్టుకున్నాడు.

కోట బురుజులు కింద గిర్రున తిరిగాయి. అంగళ్ళ వీధి ఒక రంగుల చీరలా కనిపించి జారిపోయింది. రాబందు మెడ వంచి చెయ్యి పొడిచింది, నెత్తురు కారింది, పట్టు వదల్లేదు. అగడ్త మీదికి రాగానే పక్షి ఒక్కసారి తలకిందులైంది. నీలిమందు పూసుకున్న మలివాది మొసళ్ళ మధ్య ధబ్బున పడ్డాడు. ఒక మొసలి వాడి ఉత్తరీయం పట్టింది, ఉత్తరీయం దానికే వదిలేసి ఈది, గట్టు రాళ్ళు పట్టుకుని పైకి పాకాడు. పక్షి పడమటి దిక్కున తామ్రవనం వైపు చుక్కై మాయమైంది.

గట్టు మీదికి బిజ్జన్న పరిగెత్తుకొచ్చాడు. మంట చూసి వచ్చిన వేరే కావలివాళ్ళు కావలి అందుకుని వాడిని పోనిచ్చారు.

"నువ్వెవరో గాని నా ప్రాణం కాపాడావు," అన్నాడు ఆయాసపడుతూ. అప్పుడు వాడి చూపు మేఘనందుడి పాదం మీద పడింది. నీళ్ళకు నీలిరంగు కరిగి త్రిశూలం వాత బయటపడింది. బిజ్జన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా వెళ్ళిపోలేదు.

"అదే పాదం," అన్నాడు. "ఆ రోజు చూసిందే. కుడికాలు, ఆరో వేలు."

"కుడికాలా?"

"అద్దంలో స్పష్టంగా చూశాను."

మేఘనందుడు తన చేతులకేసి చూసుకున్నాడు. ఆకాశంలో అంతసేపు పట్టుకు వేళ్ళాడిన కాలు వాడికి బాగా తెలుసు. "నేను పట్టుకున్నది ఎడమకాలు బిజ్జన్నా," అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ముఖాలే. బిజ్జన్న మెల్లగా అగడ్త గట్టున కూర్చుండిపోయాడు. అద్దంలోని మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టుంటాడు. ఎదురుగా ఉన్నవాడి కుడివైపు అనుకున్నది, వెనకనుంచి వచ్చే అసలు మనిషికి ఎడమవైపు. జీవితమంతా అద్దంలో కావలి కాసినవాడు ఆ సంగతి ఒక్కనాడూ విడిగా ఆలోచించలేదు. సభవాళ్ళు వాడు ఏం చూశాడని అడిగారు గాని, ఎందులో చూశాడని అడగలేదు. వాళ్ళెవరూ ఆ నడవలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు గనుక అడగాలని వాళ్ళకు తోచనూ లేదు.

"నేను చంపాను వాణ్ణి," అన్నాడు బిజ్జన్న.

"ఇంకా చావలేదు. పద."

సభ కిక్కిరిసి ఉంది. సూర్యుడు పడమటి గవాక్షంలోకి దిగాడు. ధర్మపీఠం మీద తీర్పు చెప్పిన ధర్మాధికారి శతానీకుడు, తెల్లటి గడ్డం, వెండి పాదపీఠం. సంకెళ్ళతో మాచన. శంఖం ఊదేవాడు అప్పటికే శంఖం తుడుచుకుంటున్నాడు. మలివాది లోపలికి రాగానే జనం చీర కుచ్చిళ్ళూ పంచెలూ దగ్గరికి లాక్కుని దారి ఇచ్చారు.

బంట్రోతు అలవాటు గొంతుతో అరిచాడు. "ఈ చచ్చినవాడు ఎవరికి కావాలి?"

ఎవరూ కదల్లేదు. స్త్రీల వరుసలో చివర పోలమ్మ ముసుగు కప్పుకుని కూర్చుంది, ఒళ్ళో పిల్ల. ఆమె పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మాచన ఆమెకేసి చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. మేఘనందుడు జనం ముఖాలన్నీ వెతికాడు. తనే అరవగలిగితే ఎంత బాగుండు. మలివాది మాట ఆ విషయంలో చెల్లదు. వాడు ఎవరికీ ఏమీ కాడు.

"మావటి మాచన నాకు కావాలి," అన్నాడు బిజ్జన్న.

సభలో కలకలం రేగింది. శతానీకుడు ముందుకు వంగాడు. "నువ్వు వీడికి వ్యతిరేకంగా చెప్పిన సాక్షివి. ఓడితే వీడితోపాటు నువ్వూ కూపంలోకి పోతావు. తెలుసా?"

"తెలుసు ప్రభూ. కళ్ళు నావి, తప్పు నాది."

మేఘనందుడు ఒక భటుడి కంచు డాలు అడిగి తీసుకుని సభ మధ్యలో నిలబెట్టాడు. పండితులందరినీ వీపులు తిప్పి ఆ డాలులోకి చూడమన్నాడు. వాళ్ళ వెనకనుంచి ఒక నర్తకిని, ఒక పాదానికి మాత్రం లత్తుక పూయించి, డాలువైపు నడిపించాడు.

"ఎర్రపాదం ఏది?" అని అడిగాడు.

"కుడిది," అన్నారు పట్టుశాలువలన్నీ ఏకకంఠంగా.

"తిరిగి చూడండి."

తిరిగారు. నర్తకి ఎర్రటి ఎడమపాదం ముందుకు చాపి నిలబడింది. ఒక పండితుడు నర్తకి కాళ్ళు మార్చుకుందేమోనని ఆమె చుట్టూ తిరిగి మరీ చూశాడు.

శతానీకుడు చెడ్డవాడు కాడు. అయినా ఒకసారి చెప్పిన తీర్పు పొరపాటని ఒప్పుకోవడం అంత సుళువు కాదు, పీఠం ఎత్తుగా ఉన్నప్పుడు మరీను. గడ్డం నిమురుకుంటూ, "శిక్ష ఆపుతున్నాను. తీర్పు కొట్టెయ్యడం లేదు," అన్నాడు. "ఎడమకాలికి ఆరు వేళ్ళున్నవాడు ఉన్నాడని మలివాది అంటున్నాడు. తెచ్చి చూపించాలి. అంతవరకు మాచన ఇంటికి పోవచ్చు. దుర్గంలో వాడి గది ఖాళీగా ఉండకూడదు గనుక, వాణ్ణి కావాలన్నవాడు ఆ గదిలో ఉంటాడు. వచ్చే పున్నమికి పాదం రాకపోతే కూపానికి వాడే పోతాడు."

మాచన చేతుల సంకెళ్ళు విప్పి బిజ్జన్నకు వేశారు. పోలమ్మ పరుగున వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. మాచన కదల్లేదు. బిజ్జన్నను తీసుకుపోతుంటే చూస్తూ నిలబడి, మేఘనందుడి వైపు తిరిగాడు.

"బాబూ, ఆ పాదం దొరకలేదనుకో. ఆయనకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఆ రోజు సభలో ఆయన పేరు ఎవరు పలుకుతారు? నేనే..."

పోలమ్మ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మాట పూర్తి కాకుండానే వాడిని లాక్కుపోయింది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. మేఘనందుడు దారి వదిలి పక్కకు నిలబడ్డాడు. చచ్చినవాణ్ణి బతికించాడు. ఎవరూ వాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. వాడు అడగనూ లేదు. ఇప్పుడు మరో మనిషి ప్రాణం వాడి మెడకు వేళ్ళాడుతోంది.

మర్నాడు తెల్లవారుతూనే చిత్రాంగి తామ్రవనంలో అడుగు పెట్టింది. అక్కడ చెట్ల ఆకులు రాగిరేకుల్లా ఎర్రగా, గాలికి గలగలమంటూ, ఎండను నెత్తుటి రంగులో కిందికి జల్లుతాయి. తేనెపట్లు బిందెలంత. పూలతీగలు అడుగు పడగానే కాలికి చుట్టుకుంటాయి. మేఘనందుడు వాటిని కత్తితో తెగ్గోస్తూ ముందుకు పోయాడు. ఒక లోయ దగ్గర వంతెన వాడు దాటుతుండగానే కొండచిలువై ఒళ్ళు విరుచుకుంది. గుర్రం ఒక్క దూకులో అవతల పడింది. బురదలో అక్కడక్కడా ఎడమపాదం గుర్తు, ఆరో వేలుతో సహా, పిలుస్తున్నట్టు ముందుకు సాగింది. ఒక ఏటి ఒడ్డున అది ఆగిపోయింది.

ఏట్లో కాళ్ళు పెట్టుకుని, బండమీద ఒక మనిషి కూర్చుని అన్నం మూట విప్పుతున్నాడు. బట్టతల, గుండ్రటి ముఖం, కట్టెలు కొట్టుకునేవాడిలా భుజాన గొడ్డలి.

"రా తమ్ముడూ, చేతికి బాగా దెబ్బ తగిలినట్టుంది," అన్నాడు. "కూర్చో. ఇద్దరికీ సరిపోతుంది."

"నేను మలివాదిని," అన్నాడు మేఘనందుడు. వాడి పాదం మీద వాత కనబడుతూనే ఉంది.

"అయితే ఏం? ఆకలి అందరికీ ఒకటేగా."

ఆ మనిషి టేకాకు రెండుగా చించి, ఒక ముక్క తన ముందు, ఒక ముక్క పక్కన పరిచాడు. చద్దన్నం, మాగాయ ముక్క, ఉల్లిపాయ. మేఘనందుడు గుర్రం దిగాడు. పక్కన కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలింది. ఆ మనిషి జరగలేదు. ఎన్నేళ్ళైందో ఒక మనిషి పక్కన కూర్చుని అన్నం చూసి. వాడికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"తిను తమ్ముడూ, తిను," అన్నాడు ఆ మనిషి ఎంతో ప్రేమగా.

మేఘనందుడు ముద్ద కలిపాడు. ఏటి నీళ్ళు రాగి ఆకుల నీడతో ఎర్రగా ఉన్నాయి, లోపలున్న కాళ్ళు కనబడడం లేదు. అడక్కుండా ఉంటే బాగుండుననిపించింది. ఈ ఒక్క ముద్ద తిన్నాక అడగొచ్చు కదా అనిపించింది. దుర్గంలో గోడకు ఆనుకుని కూర్చున్న బిజ్జన్న గుర్తొచ్చాడు.

ముద్ద ఆకులో పెట్టేశాడు. "అన్నా, ఒక్కసారి కాలు పైకి తియ్యి."

ఆ మనిషి నవ్వుతూ కుడికాలు నీళ్ళలోంచి తీసి బండమీద పెట్టాడు. ఐదు వేళ్ళు. "చాలా తమ్ముడూ? ఇక తిను, ఈగలు ముసురుతున్నాయి."

మేఘనందుడు మొలలోని కత్తి మీద చెయ్యి వేశాడు. "రెండోది కూడా," అన్నాడు.

ఆ గుండ్రటి ముఖంలో నవ్వు ఆగిపోయింది.